చివరి సంవత్సరపు ప్రాజెక్టు: కొనేదా, కట్టేదా?



కంప్యూటరు చదువు ఈనాడు మన పల్లెల దాకా వచ్చింది. బి.టెక్., బి.సి.ఎ., ఎం.సి.ఎ. చదివే కొడుకో కూతురో లేని వీధి అరుదు. ఆ చదువుల చివరి సంవత్సరంలో విద్యార్థులు ఒక ప్రాజెక్టు చేయాలి. సాధారణంగా ముగ్గురు నలుగురు కలిసి ఒక బ్యాచ్‌గా ఏర్పడతారు. గైడుగా నియమించబడిన అధ్యాపకుని సలహాతో ఒక సమస్యను ఎన్నుకొంటారు. దానికి కంప్యూటరు ద్వారా పరిష్కారం తయారుచేసి, ఆ వివరమంతా రికార్డుగా రాసి, చివరకు వైవాలో పరీక్షాధికారి అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పాలి. నియమం ఇది.

మరి జరుగుతున్నదేమిటి? హైదరాబాదులోని అమీర్‌పేట సందుల్లోనూ, అనేక జిల్లా కేంద్రాల్లోనూ ప్రాజెక్టులు అమ్మే దుకాణాలు ఉన్నాయి. డబ్బు కడితే కోడ్, రికార్డు, వైవాలో అడగబోయే ప్రశ్నలు, వాటి జవాబులు అన్నీ సిద్ధం చేసి చేతికిస్తారు. అదే ప్రాజెక్టు నిరుడు మరో కాలేజీకి వెళ్ళి ఉండవచ్చు, వచ్చే ఏడు ఇంకో కాలేజీకి వెళ్ళవచ్చు. మార్కులు వస్తాయి, పట్టా వస్తుంది. రానిది ఒక్కటే: పని. నాలుగేళ్ళ చదువులో "ఇది నా చేతులతో మొదటి నుండి చివరి దాకా చేశాను" అని చెప్పుకోవడానికి దొరికే అవకాశం బహుశా ఇదొక్కటే. దాన్ని డబ్బుకు వదులుకోవడం న్యాయమా? వదులుకోకుండా, భయపడకుండా, గడువులోపల ఎట్లా పూర్తి చేయవచ్చునో ఈ వారం తెలుసుకుందాం.

1. ముగింపు నుండి మొదలుపెట్టండి

ఒక వస్తువు ఉండడానికి నాలుగు హేతువులు ఉంటాయని అరిస్టాటిల్ బోధించాడు. అది దేనితో చేయబడింది, ఏ రూపంలో ఉంది, ఎవరు చేశారు, ఎందుకోసం చేశారు అనేవి ఆ నాలుగు. వీటిలో చివరిదైన "ఎందుకోసం" అనేదే తక్కినవాటిని నడిపిస్తుంది. పని పూర్తయ్యాకే మన కంటికి కనబడే ఆ ప్రయోజనం, పని చేసేవాని మనసులో అన్నిటికంటె ముందే ఉండాలి. కుర్చీ చేసే వడ్రంగి కూర్చోబోయే మనిషిని తలచుకొనే కర్ర కోస్తాడు.

మన విద్యార్థులలో చాలామంది దీనికి విరుద్ధంగా మొదలుపెడతారు. "పైథాన్‌లో చేద్దామా, జావాలో చేద్దామా?" "మెషీన్ లెర్నింగ్ పెడితే మార్కులు ఎక్కువ వస్తాయట" అంటారు. ఇవి కర్ర గురించిన ప్రశ్నలు. కూర్చోబోయేది ఎవరో ఇంకా తేలలేదు. కనుక ముందుగా మూడు ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాయండి. ఈ పని ఎవరికి కావాలి? ఇది లేక వారు ఇప్పుడు పడుతున్న ఇబ్బంది ఏమిటి? నేను చేసినది పనిచేసిందని ఏ కొలతతో చెప్పగలను? మూడవ ప్రశ్నకు జవాబు లేని అంశాన్ని తీసుకోకండి. అది ఎప్పటికీ పూర్తి కాదు, ఎందుకంటే ఎప్పుడు పూర్తయిందో మీకే తెలియదు.

2. చిన్న ప్రశ్న, గట్టి జవాబు

ఒక ఉదాహరణ తీసుకుందాం. "డెయిరీ నిర్వహణ వ్యవస్థ" అని ఒక బ్యాచ్ పేరు పెట్టిందనుకోండి. పేరు ఘనంగానే ఉంది గాని, అందులో పశువుల దాణా నుండి నగరంలో పాకెట్ల అమ్మకం దాకా అన్నీ పడతాయి. నలుగురు పిల్లలు నాలుగు నెలల్లో చేయగలిగింది కాదు. దాన్ని ఇట్లా కుదించండి: "120 మంది రైతులు పాలు పోసే ఒక పాలకేంద్రంలో 15 రోజుల బిల్లును పైసా తేడా లేకుండా తయారుచేయడం." ఇది చిన్నది, కాని తేలికైనది కాదు. రోజుకు రెండు పూటలు, 120 మంది, 15 రోజులు. అంటే 3,600 నమోదులు. కొలత కూడా మీ చేతిలోనే ఉంది. కేంద్రంవారి అనుమతితో పాత రిజిస్టరులోని ఒక పక్షం లెక్కలు మీ ప్రోగ్రాములో ఎక్కించండి. ప్రతి రైతు మొత్తం రిజిస్టరుతో సరిపోయిందా? సరిపోకపోతే తప్పు రిజిస్టరుదా, మీదా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగితే మీ ప్రాజెక్టు నిలబడినట్లే.

ఇప్పుడు పాలకేంద్రానికి వెళ్ళండి. ఉదయం పాలు పోసే వేళకు వెళ్ళి, ఒక మూల నిలబడి చూడండి. తరగతి గదిలో తోచని సంగతులు అక్కడ తెలుస్తాయి.

ఒకే ఊరిలో ఒకే పేరుగల రైతులు ఇద్దరు ముగ్గురు ఉంటారు. అందుచేత పేరుతో లెక్క కట్టకూడదు, సభ్యత్వ సంఖ్యతో కట్టాలి.

ఒకే రైతు గేదె పాలు, ఆవు పాలు రెండూ పోయవచ్చు. "ఒక పూటకు ఒక నమోదు" అనే నియమం పెట్టుకుంటే ఆ రైతు నష్టపోతాడు.

పక్షం మధ్యలో పాల ధర మారవచ్చు. ధరను ఒకే చోట రాసి, మారినప్పుడు దానిమీదనే దిద్దితే, గడచిన రోజుల బిల్లు కూడా మారిపోతుంది. కనుక ప్రతి ధరతో పాటు అది ఏ తేదీ నుండి అమలులోకి వచ్చిందో దాచాలి.

తప్పుగా నమోదైన అంకెను చెరిపివేయకూడదు. దాన్ని సరిచేస్తూ మరొక నమోదు చేయాలి. లెక్కలు రాసేవారికి తరతరాలుగా తెలిసిన ధర్మమే ఇది.

పాలను కొన్నిచోట్ల లీటర్లలో కొలుస్తారు, కొన్నిచోట్ల కిలోలలో తూస్తారు. లీటరు పాలు సుమారు 1.03 కిలోల బరువుంటాయి. ఈ తేడాను పట్టించుకోకపోతే 100 లీటర్ల దగ్గర సుమారు 3 కిలోల తేడా వస్తుంది.

పాల ధర వెన్న శాతం మీద, వెన్న కాని ఘనపదార్థాల శాతం మీద ఆధారపడుతుంది. ఈ రెండవదానిని లాక్టోమీటరు సంఖ్యనుబట్టి, వెన్న శాతాన్నిబట్టి ఒక సూత్రంతో కడతారు. ఆ సూత్రంలో కలిపే స్థిరసంఖ్య అన్ని డెయిరీలకూ ఒకటే కాదు. మీరు వెళ్ళిన కేంద్రంలో ఏది వాడుతున్నారో అడిగి తెలుసుకోవలసిందే.

గమనించారా? ఇందులో ఏ ఒక్కటీ కొన్న రికార్డులో దొరకదు. వైవాలో "ధరకు తేదీ ఎందుకు పెట్టారు?" అని అడిగితే, పాలకేంద్రం చూసిన విద్యార్థి తడుముకోకుండా చెబుతాడు. చూడనివాడు తలవంచుకుంటాడు.

3. కాలాన్ని పంచుకోవడం

ఫ్రెడ్ బ్రూక్స్ అనే ఇంజనీరు 1960లలో ఐ.బి.ఎం. సంస్థలో ఓ.ఎస్. 360 అనే పెద్ద సాఫ్ట్‌వేరు పనికి నాయకత్వం వహించాడు. ఆ అనుభవంతో 1975లో "ది మిథికల్ మ్యాన్ మంత్" అనే గ్రంథం వెలువరించాడు. అందులో ఆయన కాలానికి వేసిన లెక్క ఇది: ఉన్న సమయంలో మూడవ వంతు ప్రణాళికకు, ఆరవ వంతు కోడ్ రాయడానికి, నాలుగవ వంతు విడిభాగాల పరీక్షకు, తక్కిన నాలుగవ వంతు అన్నీ కలిపాక మొత్తం పరీక్షకు. అంటే కోడ్ రాయడం అన్నిటికంటె చిన్న భాగం! సగం కాలం పరీక్షలకే పోతుంది. మన పిల్లలు మూడు నెలలు కోడ్ రాసి, చివరి రెండు రోజులు పరీక్షకు ఉంచుకుంటారు. అక్కడే బోల్తా పడతారు.

మీకు 16 వారాలు ఉన్నాయనుకుందాం. ఆయన లెక్క ప్రకారం ప్రణాళికకు ఐదు వారాలకు పైగా, కోడ్‌కు మూడు వారాల లోపు, పరీక్షలకు ఎనిమిది వారాలు వస్తాయి. కాని విద్యార్థికి నేర్చుకోవడమూ పనిలో భాగమే, రికార్డు కూడా రాయాలి. కనుక ఇట్లా సర్దుకోవచ్చు.

1 నుండి 5 వారాలు: ప్రశ్నను తేల్చుకోవడం, పాలకేంద్రానికి కనీసం రెండుసార్లు వెళ్ళిరావడం, ఇదివరకు ఇటువంటి పని ఎవరు ఎట్లా చేశారో చదవడం, పట్టికలనూ తెరలనూ కాగితం మీద గీసి గైడుగారికి చూపించడం.

6 నుండి 9 వారాలు: కోడ్ రాయడం, రాసిన ప్రతి భాగాన్నీ అప్పటికప్పుడే పరీక్షించడం. 7వ వారం ముగిసేసరికి ఒక్క రైతు, ఒక్క పూట పాలు, ఒక్క బిల్లు, ఇంతమట్టుకు మొదటి నుండి చివరి దాకా నడవాలి. తెర అందంగా లేకపోయినా ఫరవాలేదు. చిన్న ఇల్లయినా పునాది నుండి కప్పు దాకా లేస్తే అందులో కాపురం ఉండవచ్చు. నాలుగు గొప్ప గోడలు లేపి కప్పు వేయకపోతే వాన ఆగదు.

10 నుండి 12 వారాలు: నిజమైన లెక్కలతో మొత్తం పరీక్ష.

13, 14 వారాలు: రికార్డుకు తుదిరూపం. 15వ వారం: వైవాకు సాధన. 16వ వారం: ఖాళీ. ఈ ఖాళీ వారాన్ని ఎవరికీ ఇవ్వకండి. మిడ్ పరీక్షలు, క్యాంపస్ ఇంటర్వ్యూలు, పండుగలు, జ్వరాలు దాన్ని ఎట్లాగూ తినివేస్తాయి.

గైడుగారిని వారానికి ఒకసారి కలవండి. వట్టి చేతులతో వెళ్ళవద్దు. గతవారం చేసినది, ఎక్కడ ఆగిపోయారో, వచ్చే వారం చేయదలచినది, ఈ మూడూ ఒక పుటలో రాసుకొని వెళ్ళండి. ఆ 16 పుటలే రేపు మీ రికార్డుకు ముడిసరుకు అవుతాయి.

4. నలుగురి పని, ఒక్క మాట

పని ఆలస్యమైనప్పుడు మనుషులను పెంచితే అది ఇంకా ఆలస్యమవుతుందని బ్రూక్స్ గుర్తించాడు. కారణం సులభం. నలుగురు ఉన్నచోట ఇద్దరిద్దరి మధ్య మాటలకు 6 దారులుంటాయి. మరో ఇద్దరు చేరితే అవి 15 అవుతాయి. వచ్చినవారికి మొదటి నుండి చెప్పడానికే మీ కాలం సరిపోతుంది. కనుక ఆఖరి వారంలో సీనియర్లను బ్రతిమాలుకోవడం కంటె, మొదటి వారంలోనే పనిని నలుగురికి పంచుకోవడం మేలు.

పంచుకునేటప్పుడు ఒకరి భాగం మరొకరి భాగానికి ఏమి ఇస్తుందో, ఏ కొలతలో ఇస్తుందో రాసిపెట్టుకోండి. 1999 సెప్టెంబరులో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుని చేరబోతూ నాశనమైంది. ఒక బృందం రాసిన సాఫ్ట్‌వేరు బలాన్ని పౌండ్ల లెక్కలో ఇస్తే, మరొక బృందపు సాఫ్ట్‌వేరు దాన్ని న్యూటన్ల లెక్కగా తీసుకొన్నది. ఎవరికి వారి లెక్క సరిగానే తోచింది. మీ బ్యాచ్‌లో ఒకరు పాలను లీటర్లుగా ఇచ్చి, మరొకరు కిలోలుగా తీసుకుంటే జరిగేదీ అదే.

బ్యాచ్‌లో మరొక జబ్బు ఉంది. ఒకడు పని చేస్తాడు, ముగ్గురు సంతకం చేస్తారు. ఇది పని చేసినవానికీ అన్యాయమే, చేయనివారికీ అన్యాయమే. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో తయారుచేసిన గిట్ అనే ఉపకరణం ఉచితంగా దొరుకుతుంది. ఎవరు ఏ రోజున ఏ మార్పు చేశారో అది వరుసగా నమోదు చేస్తుంది, పాత రూపాలను పోగొట్టదు. మొదటి రోజు నుండే దానిని వాడండి. ఎవరి మార్పులు వారి పేరుతోనే నమోదు చేస్తే, నెల తిరిగేసరికి ఎవరి శ్రమ ఎంతో వాదన లేకుండా తెలుస్తుంది. దాని ప్రతిని మరొక చోట కూడా ఉంచండి. ఒకే ఒక ల్యాప్‌టాప్‌లో గాని, ఒకే ఒక పెన్‌డ్రైవ్‌లో గాని ఉన్న ప్రాజెక్టు గాలిలో దీపం.

5. అరువు తెచ్చిన కోడ్

"అయితే ఇతరులు రాసిన కోడ్ అసలు వాడకూడదా?" అని మీరు అడగవచ్చు. వాడవచ్చు. ప్రపంచంలోని సాఫ్ట్‌వేరు చాలామట్టుకు ఇతరులు రాసినదానిపైనే నిలిచి ఉంది. ప్రశ్న ఏమిటంటే, తెచ్చినది మీకు అర్థమైందా?

1996 జూన్ 4న ఐరోపావారి ఏరియాన్ 5 రాకెట్టు తన మొదటి ప్రయాణంలోనే, బయలుదేరిన 40 సెకన్లలోపల గాలిలో ముక్కలైంది. అందులో దిశను తెలిపే సాఫ్ట్‌వేరును పాత ఏరియాన్ 4 నుండి తెచ్చుకొన్నారు. పాత రాకెట్టులో అది బాగా పనిచేసింది. కొత్త రాకెట్టు పక్కకు సాగే వేగం పాతదానికంటె చాలా ఎక్కువ. ఆ వేగానికి సంబంధించిన ఒక పెద్ద సంఖ్యను 16 బిట్ల గదిలో పెట్టబోయారు. ఆ గదిలో 32,767కు మించిన సంఖ్య పట్టదు. లెక్క తప్పింది. సహాయంగా ఉంచిన రెండవ కంప్యూటరులోనూ అదే సాఫ్ట్‌వేరు ఉండడంచేత అదీ ఆగిపోయింది. నిజానికి రాకెట్టు పైకి లేచిన తరువాత ఆ కోడ్ భాగంతో ఏరియాన్ 5కు పనే లేదు. పాతచోట సరైనది కొత్తచోట కూడా సరైనదేనా అని ఎవరైనా పరీక్షించి ఉంటే ఆ నష్టం తప్పేది. ఆరితేరిన ఇంజనీర్లకే ఇట్లా జరిగితే, దుకాణంలో కొన్న కోడ్‌ను తెరిచి కూడా చూడని విద్యార్థి మాట చెప్పాలా?

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తరువాత దుకాణానికి వెళ్ళే పని కూడా తగ్గింది. అడిగితే కృత్రిమ మేధ నిమిషాల్లో కోడ్ రాసి ఇస్తుంది. అది మంచి సహాయకుడే. అర్థం కానిది విడమరచి చెబుతుంది, తప్పు ఎక్కడుందో వెదకడంలో తోడ్పడుతుంది. అయితే పొరపాటును కూడా ఎంతో నమ్మకంగా చెబుతుంది. పైగా మీ పాలకేంద్రంలో ఆవు పాలు, గేదె పాలు రెండూ పోసే రైతు ఉన్నాడని మీరు చెప్పకపోతే దానికి తెలియదు. కనుక రెండు నియమాలు పెట్టుకోండి. మొదటిది: కంప్యూటరు మూసివేసి, కాగితం మీద గీసి వివరించలేని ఒక్క వరుస కూడా మీ ప్రాజెక్టులో ఉండకూడదు. రెండవది: ఎవరి కోడ్ తెచ్చారో, ఏ ఉపకరణం సహాయం తీసుకున్నారో రికార్డులో ఒక పేరాలో చెప్పండి. మీ కాలేజీవారు ఈ విషయంలో పెట్టిన నియమాన్ని ముందే అడిగి తెలుసుకోండి. చెప్పి తీసుకొన్నది అప్పు, చెప్పకుండా తీసుకొన్నది దొంగతనం.

6. అంకెలు అబద్ధం ఆడకుండా

ఈ మధ్య చాలా బ్యాచ్‌లు ఆకు ఫొటో చూసి తెగులు చెప్పే ప్రోగ్రామును ఎన్నుకొంటున్నాయి. మంచి అంశమే. కాని రికార్డులో "95 శాతం ఖచ్చితత్వం" అని రాసి తృప్తిపడతారు. ఒక లెక్క చూడండి. 1000 ఆకుల ఫొటోలలో 950 ఆరోగ్యమైనవి, 50 తెగులువి. ఏమీ చూడకుండా ప్రతి ఆకుకూ "బాగుంది" అని చెప్పే ప్రోగ్రాముకు కూడా 95 శాతం వస్తుంది! అది ఒక్క తెగులునైనా పట్టుకోలేదు. కనుక 50 తెగులు ఆకులలో ఎన్నింటిని పట్టుకొన్నది, తెగులు అని చెప్పినవాటిలో ఎన్ని నిజమైనవి అని వేరువేరుగా లెక్కించి రాయండి. నేర్పించడానికి వాడిన ఫొటోలతోనే పరీక్ష పెట్టవద్దు. అది ప్రశ్నపత్రం ముందుగా ఇచ్చి పరీక్ష రాయించినట్లు అవుతుంది.

ఈ రంగంలో పేరుపొందిన ప్లాంట్‌విలేజ్ సేకరణలో 14 పంటలకు, 26 తెగుళ్ళకు చెందిన 54,306 ఫొటోలతో శాస్త్రజ్ఞులు ప్రోగ్రాముకు నేర్పించి, 2016లో ఫలితాలు ప్రకటించారు. అదే సేకరణలో పక్కన ఉంచిన ఫొటోలతో పరీక్షిస్తే 99.35 శాతం సరిగా చెప్పింది. వేరే పరిస్థితులలో తీసిన ఫొటోలు ఇచ్చేసరికి అది 31.4 శాతానికి పడిపోయింది. వారు ఆ రెండవ అంకెను దాచలేదు. అందుకే వారి తరువాత పనిచేసినవారికి ఎక్కడ సరిచేయాలో తెలిసింది. మీ ప్రోగ్రాము గుంటూరు మిరప తోటలో తీసిన ఫొటోకు తడబడితే, ఆ మాటే రాయండి. తడబాటుకు కారణం వెదకి రాసిన విద్యార్థికి న్యాయమైన పరీక్షాధికారి మార్కులు తగ్గించడు.

7. రికార్డు, వైవా

రికార్డు చివరి వారంలో రాసేది కాదు. వారం వారం రాసిన పుటలను కూర్చితే అదే రికార్డు. సమస్య ఏమిటి, ఇదివరకు ఎవరు ఏమి చేశారు, మీరు ఏ దారి ఎన్నుకొన్నారు, ఎందుకు, ఎట్లా పరీక్షించారు, ఏమి తేలింది, ఏమి మిగిలిపోయింది, ఈ వరుస చాలు. చివరిదైన "ఏమి మిగిలిపోయింది" అనే పుటను సిగ్గుపడకుండా నింపండి.

వైవాకు ముందు మీలో మీరే పరీక్షాధికారులై ప్రశ్నించుకోండి. ఈ పట్టికను రెండుగా ఎందుకు విడదీశారు? నమోదు సగంలో ఉండగా కరెంటు పోతే ఏమవుతుంది? 120 మంది బదులు 12,000 మంది వస్తే నిలబడుతుందా? బ్యాచ్‌లో ఒకరు చేసిన భాగాన్ని మరొకరు వివరించగలగాలి. తెలియని ప్రశ్న వస్తే "అది మేము పరీక్షించలేదండి" అని చెప్పడం అవమానం కాదు. తన పని హద్దు తెలిసినవాడే అట్లా చెప్పగలడు.

తల్లిదండ్రులకు ఒక మాట

పిల్లవాడు ఫోను చేసి "ప్రాజెక్టుకు ఇంత కట్టాలి నాన్నా" అన్నప్పుడు, అప్పు చేసి పంపేముందు ఒక్క ప్రశ్న అడగండి: "ఆ డబ్బు దేనికి?" పుస్తకానికో, ఒక పరికరానికో, రికార్డు బైండింగుకో అయితే ఇవ్వండి. ప్రాజెక్టునే కొనడానికైతే, మీరు నాలుగేళ్ళు కట్టిన ఫీజు వృథా చేయడానికి మరికొంత కడుతున్నారన్నమాట. కంప్యూటరు మీకు తెలియకపోయినా ఫరవాలేదు. "నువ్వు చేస్తున్నది నాకు అర్థమయ్యేట్టు చెప్పమ్మా" అని అడగండి. పాలు పోసే తల్లికి పాలబిల్లు ప్రోగ్రామును వివరించగలిగిన బిడ్డ ఏ ఇంటర్వ్యూలోనైనా వివరించగలదు.

ఆలోచించండి, చర్చించండి

1. మీ ప్రాజెక్టు ఎవరి ఇబ్బందిని తీరుస్తుంది? ఆ మనిషిని మీరు చూశారా?

2. అది పనిచేసిందని ఏ కొలతతో చెబుతారు?

3. 7వ వారానికి మొదటి నుండి చివరి దాకా నడిచే అతి చిన్న భాగం ఏది?

4. మీ కోడ్‌లో మీరు వివరించలేని వరుసలు ఎన్ని? వాటిని ఎప్పటిలోగా నేర్చుకుంటారు?

5. మీ బ్యాచ్‌లో పని లేకుండా మిగిలిపోయినవారు ఎవరు? వారికి ఏ పని అప్పగించవచ్చు?

ఈ ఐదు ప్రశ్నలకు జవాబులు ఈ వారమే బ్యాచ్ అంతా కూర్చుని రాసి, గైడుగారికి చూపించండి. మీ కష్టం మీ పేరున నిలుచుగాక!